మా వీధి ర్యాంపులు, ఆమె నడక

మా ఆవిడ పోయింది. పోయిన నెలలో, ఒక తెల్లవారుజామున, నిద్రలోనే. నరసరావుపేటలో మమ్మల్ని ఎరిగినవాళ్ళకు కబురు అందే ఉంటుంది. అందనివాళ్ళకు ఇలా చెబుతున్నాను. దుఃఖం గురించి రాయను. ఆమెతో ఊళ్ళు తిరిగిన సంతోషం గురించి రాస్తాను. అదే ఎక్కువ ఉంది.

ఆమె ఆడపిల్లల హైస్కూల్లో సోషల్ టీచరు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఆసియా పటం గోడకు తగిలించి బెత్తంతో చూపించడమే గానీ, అటు మాచర్ల, ఇటు విజయవాడ దాటింది లేదు. రిటైరయ్యాక బయల్దేరాం. టూరు వాళ్ళు గోపురాలు చూపిస్తుంటే ఆమె కాలువ మూతలు చూసేది. వంగి ఫుట్‌పాత్ ఎత్తు జానతో కొలిచేది. గైడ్లు ఏదో పడిపోయిందనుకొని వెతకడానికి వచ్చేవాళ్ళు.

ఏ ఊరు పోయినా ఆమెది ఒకటే పద్ధతి. పొద్దున్నే కూరగాయల బజారుకు పోయి, సంచి నిండిన ఒక ముసలమ్మను ఎంచుకొని, కాస్త దూరంగా ఆమె వెనకే నడవడం. ఆ ముసలమ్మ ఎక్కడ ఆగింది, దేన్ని పట్టుకుంది, ఎక్కడ నీడ దొరికింది అనేదాన్ని బట్టే ఆ ఊరికి మార్కులు.

"మంత్రిగారు పోయే రోడ్డు ఏడైనా బాగుంటదండీ. సంచితో ముసల్ది నడిచే రోడ్డు చూడాల" అనేది.

సింగపూర్‌లో బస్టాపు నుంచి ఇళ్ళ దాకా నడకదారికి పైకప్పు ఉంది. జోరున వాన. మేం ఎంచుకున్న ముసలమ్మ గొడుగు విప్పకుండానే ఇల్లు చేరింది. "ఈ ఊళ్ళో వాన గూడా పక్కకి తప్పుకొని పడతందండీ!" అని మా ఆవిడ చప్పట్లు కొట్టింది.

హనోయ్‌లో ఫుట్‌పాత్ నిండా మోటారు సైకిళ్ళు, వాటి మధ్య చిన్న చిన్న ప్లాస్టిక్ స్టూళ్ళు. అక్కడి ముసలమ్మ వెనక్కి తిరిగి మమ్మల్ని పట్టేసింది. నేను దిక్కులు చూశాను. మా ఆవిడ తన మోకాలు చూపించి నొప్పన్నట్టు ముఖం పెట్టింది. ఆ ముసలమ్మ కూడా తన మోకాలు చూపించింది. ఇద్దరూ చెరో స్టూలు మీద కూర్చొని, భాష లేకుండా, చాలాసేపు మోకాళ్ళ గురించి మాట్లాడుకున్నారు. హనోయ్‌కి మంచి మార్కులే పడ్డాయి.

ఒసాకాలో చూపు లేనివాళ్ళ కోసం నేల మీద గీతలు తేలిన పసుపుపచ్చ పలకలు పరిచారు. ఆమె కళ్ళు మూసుకొని వాటి మీద నడిచింది. "మీరు పట్టుకోబాకండి" అని ముందే చెప్పింది. కూడలి వచ్చేసరికి పలకల మీద గీతలు పోయి బొడిపెలు వచ్చాయి. పాదానికి తెలిసింది. ఆగి కళ్ళు తెరిచింది. క్లాసులో ఫస్టొచ్చిన పిల్ల ముఖం.

ఇక మా వీధి. ప్రతి ఇంటి ముందూ, బండి ఎక్కించడానికి, కాలువ మీద సిమెంటు ర్యాంపు ఉంటుంది. పక్కింటి దానికంటే బెత్తెడు ఎత్తుంటేనే మర్యాద. ఒకరు పెంచితే పక్కవారు పగలగొట్టి ఇంకాస్త పెంచుతారు. నడిచేవాళ్ళు రోడ్డు మీదికి దిగాల్సిందే. అక్కడ పిడుగురాళ్ల సున్నం లారీలు. మా తిరుగుళ్ళు ముగిసేసరికి ఆమె మోకాళ్ళు ఎక్కి దిగడానికి ఒప్పుకోవడం మానేశాయి. గుండె కూడా బలహీనపడిందని డాక్టరు చెప్పారు. ఆటోలో బజారుకు తీసుకుపోతానన్నాను.

"ఆటోలోంచి తల బైటపెట్టి బేరమాడితే వంకాయలామె నవ్వుద్ది. నా కాళ్ళతో నేను పోవాల. ఉన్నన్నాళ్ళన్నా."

మా గేటు నుంచి కూరగాయల బజారు దాకా, రోడ్డు మీదికి దిగకుండా, ఒకే ఎత్తున నడవాలి. ఆమె కోరింది అంతే.

ముందు మా ర్యాంపే తీయించింది. తొలి వానకే వీధి నీళ్ళన్నీ మా వరండాలోకి వచ్చాయి. మా వీధిలోనే బండ్ల రిపేరు షెడ్డు నడిపే భాయ్ ప్యాంటు మడుచుకొని చూడ్డానికి వచ్చాడు.

"ఏందక్కా, సింగపూర్ తెస్తావనుకుంటే సముద్రం తెచ్చావు!"

"నవ్వింది చాల్లే గానీ చీపురందుకోరా."

నీళ్ళు తోస్తుండగానే ఆమెకు పొరపాటు ఎక్కడో తెలిసింది. ఎత్తు ఉండాల్సింది కాలువ మీద కాదు, గేటు లోపల. కాలువ మీద సమంగా నాపరాళ్ళు పరిపించి, వాలు గేటు లోపల కట్టించింది. తర్వాతి వానకు చుక్క రాలేదు. అది చూసి భాయ్ తన షెడ్డు ముందు ర్యాంపు కూడా అలాగే తీయించాడు. భాయ్‌ని చూసి మిగతావాళ్ళు.

మిగిలింది బజారు మలుపులో పిన్ని ఇల్లు. చుట్టరికం ఏమీ లేదు, ఆమె వీధికంతా పిన్ని. పొలాలున్న కుటుంబం, అందరికంటే ఎత్తైన ర్యాంపు.

"ఏమే, అందరితో పాటు నేనూ దిగితే నా మర్యాద ఏం గావాల?" అంది పిన్ని.

"దించొద్దులే పిన్నీ. ఎక్కలేను గదా, ఈడే కూర్చుంటా."

ఖాళీ సంచి ఒళ్ళో పెట్టుకొని ఆ ర్యాంపు మీదే కూర్చుంది. మర్నాడూ అంతే. పోయేవాళ్ళంతా ఆగి ఏమైందని అడిగేవాళ్ళు. పిన్నికి తల తీసేసినట్టయ్యేది. చెయ్యి పట్టి లేపి, ఎక్కించి, అవతలకు దించేది. ఎండగా ఉంటే మజ్జిగ ఇచ్చేది. తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ ఎక్కించి దించేది. చివరకు మేస్త్రీని పిలిపించింది పిన్నే.

"మర్యాద సంగతి తర్వాతరా. దీన్ని రోజూ మొయ్యలేక నా నడుం పోయింది. పగలగొట్టు!"

సిమెంటు ఆరిన రోజు మా ఆవిడ ఇస్త్రీ చీర కట్టుకొని బయల్దేరింది. నన్ను రావద్దంది. గోంగూర కట్టలతో తిరిగొచ్చి, "కొసరు గూడా ఏయించుకున్నా" అంది. ఒసాకా నుంచి తిరిగొచ్చినప్పుడు కూడా ఇంత సంబరంగా లేదు. పోయే ముందు రోజు వరకూ నడిచింది.

పెద్దకర్మ అయిన మర్నాడు సాయంత్రం భాయ్ వాళ్ళమ్మ మా ఇంటికి వచ్చింది. కాళ్ళ నొప్పులతో ఏళ్ళ తరబడి షెడ్డు వెనక ఇంట్లోనే ఉండిపోయిన మనిషి. ఒక్కతే నడిచి వచ్చింది. మంచినీళ్ళు తాగి కాసేపు కూర్చుంది. ఆమె లేచేసరికి భాయ్ గేటు ముందు బండి స్టార్ట్ చేసి ఉంచాడు.

"ఎక్కు అమ్మీ, దింపుతా."

"నువ్వు పోరా. నేను నడుస్తా."

గోడల మీద చెయ్యి ఆనిస్తూ నెమ్మదిగా సాగింది. షెడ్డు వచ్చింది. ఆగలేదు.

"అమ్మీ! ఇల్లు దాటిపోతన్నావ్!" అని భాయ్ అరిచాడు.

ఆమె తల తిప్పకుండా చెయ్యి ఊపింది. పిన్ని ఇంటి ముందు నుంచి బజారు వైపు మలుపు తిరిగింది.