తులసమ్మ ఎక్కిన మూస

కంఠేశ్వర్‌లో మా ఇంటి వెనకే మా నాన్న, అంటే బాపు, నడిపే రాగి భట్టీ. మాక్లూర్, జక్రాన్‌పల్లి పొలాల్లో బోరు మోటార్లు కాలిపోతే వాటిలోని తీగ మా దగ్గరికే వచ్చేది. దాన్ని కరిగించి దిమ్మలు పోసి అమ్ముతాం. వానలు పడితే మోటార్లు ఆడక తీగ తగ్గేది. అయినా కరిగించే పెద్ద మూస అంచుదాకా నిండితే తప్ప బాపు భట్టీ ముట్టించేవాడు కాదు.

"సగం మూస ఎక్కిస్తే అగ్గికి అవమానం" అనేవాడు. అగ్గికి అంత అభిమానం ఉందని ఆయనకెవరు చెప్పారో!

నేను చిన్న మూసలు తెచ్చాను, ఎంత తీగ వస్తే అంత కరిగించుకోవచ్చని.

"గీండ్ల చాయ్ పోసుకోని తాగాల్నా?" అని వాటిని అటకెక్కించాడు.

అసలు బాధ మా అమ్మది. ఆమెను అవ్వ అనే పిలుస్తాం. మూస కాస్త వెలితిగా ఉంటే చాలు, బాపు చూపు వంటింటి మీద పడేది. రాగి పళ్లెం పోయింది. తులసికి నీళ్లు పోసే చెంబూ పోయింది. "కొత్తది తెస్త" అన్నాడు. తెచ్చింది ప్లాస్టిక్ మగ్గు. ఇక మిగిలింది అవ్వకు వాళ్లమ్మ ఇచ్చిన రాగి గంగాళం ఒక్కటే. అదీ పోతే ఆమె తట్టుకోలేదు.

పోయిన వానాకాలం ఒకరోజు బాపు ఆ గంగాళాన్ని వేలితో కొట్టి చూశాడు. అవ్వ వచ్చి దాని మీద మూత పెట్టింది.

మరునాడు ఆయన తీగ కోసం బోధన్ వెళ్లి వచ్చేసరికి పెద్ద మూస వాకిట్లో ఉంది. నిండా ఎర్రమట్టి. పగిలిన కుండీలో ఉండే మా తులసి ఇప్పుడు అందులో ఉంది. మూసకు పసుపు, కుంకుమ, ముందు దీపం.

"ఎవల్నడిగి పెట్టినవే?"

"తులసమ్మను పెట్టనీకి ఎవల్నడగాలె? వద్దంటే నువ్వే పీకు."

పీకే ధైర్యం లేక, కోపం ఆగక, బాపు దాని చుట్టూ తిరగసాగాడు. ప్రదక్షిణ చేస్తున్నాడనుకుని పక్కింటావిడ కూడా వచ్చి దండం పెట్టింది. దాంతో ఆయన పని అయిపోయింది.

చిన్న మూసలు అటక దిగాయి. ఇప్పుడు కొంచెం తీగ వచ్చినా భట్టీ ముట్టిస్తున్నాం. ఎవరూ వారాల తరబడి ఎదురుచూడనక్కర్లేదు. పైగా వచ్చినవాళ్లందరికీ బాపు చెప్తున్నాడు: "పెద్ద మూస దండగని నేనెప్పుడో అన్న."

మొన్న ఆయనే ఒక కొత్త రాగి చెంబు కొనుక్కొచ్చి తులసి దగ్గర పెట్టాడు. అవ్వ మురిసిపోయింది. దాంతోనే నీళ్లు పోసి దండం పెట్టుకుంది. తర్వాత చెంబును లోపలికి తీసుకెళ్లి, గంగాళంలో పెట్టి, గదికి తాళం వేసింది.