పామర్రు దాటని వడ్లు

యుద్ధం రోజుల్లో ఒక మధ్యాహ్నం మా ఆఫీసులో మూడు నెలల జీతం ఒకేసారి చేతిలో పెట్టి, మళ్లీ పిలిచేదాకా రావద్దన్నారు. బందరు సముద్రంలో శత్రువుల ఓడ కనిపించిందని పుకారు. దాన్ని కళ్లారా చూసినవాళ్లు మా వీధిలోనే పదిమంది తేలారు. నేనూ చూశాను. నేను చూసినప్పుడు దానికి నాలుగు పొగగొట్టాలు. మర్నాడు పక్కవీధిలో చెప్పేటప్పటికి ఆరయ్యాయి. నా మాట విని దొరతనం వారు ఆఫీసు మూసేశారని నేననను గాని, కాదని రుజువు చేసినవాళ్లూ లేరు.

మూడు నెలల జీతం ఒక్కసారి చూస్తే ఎవరికైనా పండగలాగే ఉంటుంది. ఆ తర్వాత నాలుగో నెల సంగతేమిటని అడిగితే చెప్పేవాడు లేడు. అసలు ఖజానా ఏ ఊళ్లో ఉంటుందో, ఉంటుందో ఉండదో తెలియదు. ఇంటికి వచ్చేసరికి సలహాలు గుమ్మంలో కాచుకుని ఉన్నాయి. నోట్లు చెల్లవు, వెండి రూపాయలు చేసి పాతిపెట్టమని గుడివాడ నుంచి మా మామగారు కబురు చేశారు. పోస్టాఫీసులో ఉన్నది కూడా లాగేయమని పక్కింటి మాస్టారు, ఉన్నదంతా తీసుకెళ్లి అందులోనే పడెయ్యమని ఎదురింటి ప్లీడరు. గాజులు చేయిస్తే చేతి మీదే ఉంటాయి కదా అని మా ఆవిడ.

"వెండి రూపాయలు అత్తెసరు పెట్టుకుంటావుట్రా?" అంది మా అమ్మ. "వెళ్లి వడ్లు కొను."

మా అమ్మ తమ్ముడు దివిసీమలో రైతు. మా మేనమామ వరిగడ్డి తాళ్లు చుట్టి ధాన్యం పురి కట్టాడంటే దాని నీడ అవనిగడ్డ దాకా పడుతుందని చిన్నప్పుడు మా స్నేహితులకి చెప్పేవాణ్ని. వెళ్లి, ఉన్న డబ్బంతా ఇచ్చి, బండెడు వడ్లు కొన్నాను. బందరులో మాది అద్దిల్లు. దాచడానికి గాదె లేదు. "ఇక్కడే ఉండనీరా, కావలసినప్పుడు తోలుకుపో" అన్నాడు మేనమామ. అంతకంటే తెలివైన ఏర్పాటు లోకంలో మరొకటి లేదనుకుని చేతులు దులుపుకుని వచ్చేశాను.

వారం తిరిగేసరికి మా వీధి ఖాళీ అయిపోయింది. కుక్కలు కూడా పామర్రు దారి పట్టాయి. మా ఆవిడ పుట్టిల్లు గుడివాడ కనక అక్కడికి పోదామంది. మా అమ్మ కదలనంటే కదలనంది.

"వియ్యంకుడి ఇంట్లో నెలల తరబడి తేరగా కూచుని తినమంటావా? నా వల్ల కాదు. మన గింజలు మనం పట్టుకెళ్తే వస్తాను."

"ముందు నువ్వు పదవే, వెనకాలే బండి తోలిస్తాను" అన్నాను. ఆ మాట మీదే బయల్దేరింది.

ఇంక నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. ఆఫీసు మూసే ముందు రోజు, వడ్లు ఒక తాలూకా నుంచి ఇంకో తాలూకాకి పర్మిట్ లేకుండా కదలకూడదని ఒక ఉత్తర్వు వచ్చింది. దానికి నకళ్లు రాసింది నేనే. పొద్దుటి నుంచి దీపాలు పెట్టేవరకు రాశాను. ఇరవయ్యేళ్లు నకళ్లు రాసిన గుమాస్తా ఎవడైనా రాసేది చదువుతాడా? చదివితే చెయ్యి ఆగిపోతుంది. ఆ కట్టడి సంగతి పామర్రులో బళ్లు ఆపుతున్నారని ఎవరో చెబితే తెలిసింది. ఎవరి దస్తూరీయో చాలా బాగుందని కూడా ఆయనే చెప్పాడు.

గుడివాడలో మా అమ్మ అన్నం ముట్టలేదు. దిగిన రోజు ఏకాదశి అంది. మర్నాడు శనివారం. ఆ తర్వాత మా నాన్నగారికి ఇష్టమైన తిథి. ఆ తర్వాత పంచాంగంలో లేని ఏకాదశి. పూటకో అరటిపండు, గ్లాసుడు మజ్జిగ. మా మామగారు విస్తరి ముందు నిలబడి, "చెల్లెమ్మగారూ, మా ఇంట్లో ఏం లోటు జరిగిందో చెప్పండి" అని బతిమాలేవారు. "అయ్యో, లోటేమిటి అన్నయ్యగారూ, ఇవాళ నా ఉపవాసం" అని నవ్వేది. ఆ నవ్వు రోజురోజుకీ బక్కచిక్కుతోంది. లేచేటప్పుడు గోడ పట్టుకుంటోంది.

మా ఆవిడ నన్ను పెరట్లోకి లాక్కెళ్లింది. "ఓడకి పొగగొట్టాలు తగిలించినంత తేలిగ్గా ఒక బస్తా వడ్లు తెచ్చి పడెయ్యకూడదూ? ఆవిడకేమన్నా అయితే మా వాళ్లే పస్తులుంచారంటారు!"

పర్మిట్ కోసం బందరు పరిగెత్తాను. ఆఫీసుకి గుమ్మడికాయంత తాళం. మెట్ల మీద కాపలా బంట్రోతు కూచుని చుట్ట కాల్చుకుంటున్నాడు.

"పర్మిట్లు ఎవరిస్తున్నారోయ్?"

"అదేమిటండీ, తమరేగదండీ రాసేది!"

"రాసేది నేనే. సంతకం పెట్టే దొరగారేరీ?"

"ఎక్కడికో కొండల వైపు వెళ్లారంటండి."

"పోనీ, ఫారాలు?"

"లోపలున్నాయండి."

"తాళంచెవి?"

"దొరగారి దగ్గరండి."

ఆఫీసు మూశారని భయపడి వడ్లు కొన్నాను. ఆఫీసు తెరిస్తే గాని ఆ వడ్లు నా నోట్లోకి రావు. నేను కూచునే కుర్చీ కిటికీలోంచి కనపడుతూనే ఉంది. దాన్ని చూస్తే ఒళ్లు మండిపోయింది. తాళాన్ని ఒక్క తన్ను తన్నాను. తాళానికేం కాలేదు గాని నా కాలివేలు వాచింది. బంట్రోతు చుట్ట తీసి, "తాళం గట్టిదేనండి" అన్నాడు.

కుంటుకుంటూనే రేవు దాటి దివిసీమ చేరాను. మేనమామ అరుగు మీద కూచుని, ఆ ఉత్తర్వు ఎలా ఏడ్చిందో చూద్దామని ఒక కాగితం మీద రాయడం మొదలెట్టాను. బుర్రకి ఒక్క ముక్క గుర్తులేదు గాని చేతికి అంతా గుర్తుంది. అదే పరిగెత్తింది. రాయడం అయ్యాక పుట్టి బుద్ధెరిగి మొదటిసారి నేను రాసింది నేను చదివాను. వడ్లు, బియ్యం, నూకలు, తవుడు. అంతే! అటుకుల ఊసే లేదు.

"మావయ్యా, వడ్లన్నీ అటుకులు దంపించెయ్" అన్నాను.

"నీకేమన్నా మతిపోయిందిట్రా? బండెడు వడ్లు అటుకులా? అన్నం వండుకునే గింజలు!"

"అన్నం సంగతి తర్వాత. ముందు పామర్రు దాటాలి."

"మీ నాన్న బతికుంటే నిన్ను ఈ రోకలితోనే దంచేవాడు" అని తిడుతూనే ఊళ్లో ఆడవాళ్లని పిలిపించాడు. వడ్లు నానబెట్టడం, వేయించడం, వేడిమీద దంచడం. ఆ రోకళ్ల చప్పుడుకి కృష్ణలో చేపలు గట్టెక్కి ఏం జరుగుతోందో చూసి వెళ్లాయి. నమ్మకపోతే పొండి. కూలి కింద వాళ్లు తీసుకున్నది పోగా, నలిగి పొడైంది పోగా, మిగిలినవి బండికెత్తి తోలించాను.

పామర్రు నాలుగు రోడ్ల దగ్గర పందిరి కింద ఒక ఉద్యోగి బండి ఆపాడు.

"ఏమిటండీ సరుకు?"

"అటుకులు."

"బండెడా! ఎవరింట పెళ్లండీ?"

నిజం చెప్పేస్తే సరిపోయేది. ఉత్తర్వులో అటుకులు లేవు గదా. కాని నా నోరు ఎప్పుడూ నిజం దగ్గర ఆగింది కాదు. "పెళ్లి కాదండీ, మా అమ్మగారి లక్షటుకుల నోము" అన్నాను. "మా వంశంలో ఒకావిడ సగంలో మానేసింది. అప్పటి నుంచి తద్దినం నాడు మా పెరట్లో కాకి వాలలేదు. ఇప్పుడీ నోము చెల్లిస్తే గాని పితృదేవతలు శాంతించరు."

ఆయన చెప్పులు విడిచాడు. గుప్పెడు అటుకులు తీసి కళ్లకద్దుకుని, "మా ఇంట్లోనూ కాకి సరిగ్గా వాలడం లేదండీ. మా ఆవిడ పట్టొచ్చునా?" అన్నాడు. పట్టొచ్చునన్నాను. అయితే నోము పట్టినవారి అటుకులు కొన్ని ఇప్పించమన్నాడు. కొన్నంటే దోసెడు అనుకున్నాను. ఆయన తట్ట తెప్పించాడు. ఆయన్ని చూసి బళ్లవాళ్లు, వాళ్లని చూసి కొట్లవాళ్లు. కాదంటే నోముకి చేటు. ఒక బస్తా నా కళ్లముందే పామర్రు పాలైంది. ఇప్పటికీ ఆ ఊళ్లో ఆ నోము పడుతున్నారుట, కాకి సంగతితో సహా.

గుడివాడలో బండి ఆగగానే మా అమ్మ గుమ్మంలోకి వచ్చి బస్తాలు తడిమి చూసింది. అటుకులని తెలిశాక నావంక ఒక చూపు చూసింది. రెండు గుప్పెళ్లు తడిపి, బెల్లం కలుపుకుని, అక్కడే కూచుని తింది. కళ్లు మూసుకుని తింది.

ఆ మర్నాటి నుంచి ఆ ఇంట్లో వడ్డన మా అమ్మదే. పొద్దున్న పోపు పెట్టిన అటుకులు, మధ్యాహ్నం పెరుగులో అటుకులు, రాత్రి పాలల్లో అటుకులు. "మొహమాటపడకండి అన్నయ్యగారూ, మా ఇంటివే" అని మామగారికి కొసరి కొసరి వడ్డించేది. రెండు వారాలు ఓర్చుకుని ఆయన నన్ను పక్కకి పిలిచారు.

"అల్లుడుగారూ, చెల్లెమ్మగారితో చెప్పి నాకొక్క పూట అన్నం పెట్టించండి. ఇల్లు నాదేగదా!"

ఇంతలో ఆఫీసు తెరిచాం రమ్మని ఉత్తరం వచ్చింది. రైలు టిక్కెట్లు కొని ఇంటికొస్తే, మిగిలిన బస్తాలన్నీ మామగారి వంటింట్లో వరసగా పేర్చి ఉన్నాయి.

"ఇవి మనవి కదే అమ్మా!" అన్నాను.

"ఇన్నాళ్లు నీడనిచ్చారు. ఊరికే వెళ్లిపోతామా? నలుగురూ ఏమనుకుంటారు?"

మామగారు వద్దు వద్దని చేతులు జోడించారు. అది మర్యాదకి అన్న మాట కాదని ఆ ఇంట్లో మా అమ్మకి తప్ప అందరికీ తెలుసు.

బందరులో మొదటి రోజే హెడ్ గుమాస్తాగారు చల్లగా చెప్పారు. ముందిచ్చిన మూడు నెలలదీ ఊరికే ఇచ్చింది కాదట, ఇప్పటి నుంచి నెలనెలా కోసుకుంటారట. డబ్బు వడ్లయింది, వడ్లు అటుకులయ్యాయి, అటుకులు గుడివాడలో ఉన్నాయి. కోత మాత్రం నాతో బందరు వచ్చింది.

ఇంటికొచ్చి చెబితే మా అమ్మ శాంతంగా విని, "ఆఫీసు తెరిచారు గదరా, ఇంకేం భయం?" అంది.

నేను పెరట్లోకి వెళ్లి, వీధిలోవాళ్లు ఇంకా తిరిగి రాలేదు గనక, హాయిగా గొంతెత్తి అరిచాను.