చెల్లెలి పుస్తకంలో నా నెత్తురు

మా చెల్లెల్ని కుట్టుగదిలో అందరూ పిచ్చుక అనే పిలుస్తారు. పీలగా ఉంటుందని కాదు, ఒక్కచోట కుదురుగా కూర్చోదని. కూర్చుందంటే మాత్రం చేతిలో సూది ఉన్నట్టే. డాక్టర్లు తొడుక్కునే తెల్లకోట్లు కుడతాం మేము. కత్తిరింపు నాది, మిషన్ల మీద ఇద్దరు ఆడవాళ్ళు, కాజాలు, గుండీలు, చివరి చేతికుట్టు పిచ్చుకవి. కోటు చిరిగినా అది తీసిన కాజా చెక్కుచెదరదు. ఈ మాట దాని ముందు ఏనాడూ అనలేదు. పొగిడితే పాడవుతుందని నా భయం, తిడితే బాగుపడుతుందని నా నమ్మకం. నాది అలాంటి నోరు.

పెళ్ళయిన రెండేళ్ళకే దానికి షుగరు వచ్చింది. కడుపుతో ఉందని తెలిశాక రోజుకు నాలుగుసార్లు వేలు పొడిచి, చుక్క నెత్తురు స్ట్రిప్పు మీద పెట్టి, మిషను చూపిన అంకెను పుస్తకంలో రాయమన్నారు. ఆ పుస్తకం చూసే డాక్టరమ్మ ఇన్సులిన్ పెంచడమో తగ్గించడమో చేసేది. ఏడో నెల నిండేదాకా పిచ్చుక ఒక్క పూట తప్పకుండా రాసింది.

ఎనిమిదో నెలలో పెద్ద ఆర్డరు వచ్చింది. అప్పటికే దాని వేళ్ళ చివర్లు జల్లెడలా ఉన్నాయి. ఒక మధ్యాహ్నం కోటు కాలరు మీద ఎర్రచుక్క కనిపించింది. మర్నాడు జేబు మీద ఇంకొకటి. నేను ఊరుకుంటానా?

"ఇంకో కోటు పాడుచేశావంటే సూది లాక్కుని ఇంటికి పంపేస్తా!" అని అందరి ముందూ అరిచాను. అది తల వంచుకుని ఆ చుక్కను ఉమ్మితో తడిపి రుద్దుతూ కూర్చుంది.

సాయంత్రానికి నాకు జాలేసింది. జాలి ఒక్కటే అయితే బాగుండేది, ఆర్డరు కూడా గుర్తొచ్చింది.

"నీ వేళ్ళు పనికి కావాలి. కత్తెర పట్టిపట్టి నావి ఎలాగూ మొద్దుబారాయి. ఇటియ్యి" అని షుగరు చూసే సూది తీసుకుని నా వేలు పొడుచుకున్నాను. తొంభై ఎనిమిది వచ్చింది.

"అక్కా, అది నీది కదా?"

"ఇద్దరం ఒక్క కడుపునే పుట్టాం. ఏం పెద్ద తేడా ఉంటుంది? రాయి."

ఇద్దరం నవ్వాం. నవ్వామని చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. ఆ ఒక్క పూటకే అనుకున్నాం. ఐదు వారాల పాటు నాలుగు పూటలూ నా నెత్తురే దాని పుస్తకానికి ఎక్కింది. అది ఇన్సులిన్ మానలేదు, తిండిలో జాగ్రత్తా మానలేదు. కానీ ఒంట్లో షుగరు ఎంతుందో దానికీ తెలియదు, నాకూ తెలియదు. పుస్తకం చూసి డాక్టరమ్మ మెచ్చుకుంటుంటే, పరీక్ష పాసైంది నేనే అన్నట్టు పొంగిపోయాను.

నెలలు నిండే ముందు స్కానింగులో బిడ్డ నాలుగు కిలోలు దాటిందని తేలింది.

"ఈ అంకెలకి బిడ్డ ఇంత పెరగకూడదే" అని డాక్టరమ్మ పుస్తకాన్ని రెండుసార్లు తిరగేసింది. ఆపరేషన్ తప్పదంది. ఎల్లుండి పొద్దున మొదటి కేసు మాదే. ముందురోజు రాత్రి ఇన్సులిన్ ఎంత వేసుకోవాలో, ఎప్పటినుంచి ఏమీ తినకూడదో చెప్పింది. "షుగరు అదుపులోనే ఉంది కాబట్టి ఇప్పుడే చేరక్కర్లేదు. ఆ పొద్దున వస్తే చాలు."

నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. పిచ్చుక నావైపు చూసి, కళ్ళు దించుకుంది. అది నోరు విప్పదు. విప్పితే అక్క పేరు బయటపడుతుంది.

బయట నర్సు తెచ్చుకోవలసిన బట్టలు చెప్పి, "పుట్టగానే బిడ్డకి కూడా షుగరు చూస్తాం. తల్లికి ఎక్కువుంటే బయటికొచ్చాక బిడ్డకి ఒక్కసారిగా పడిపోతుంది. మీకా భయం లేదులెండి, పుస్తకం అద్దంలా ఉంది" అంది.

గేటు దాటి బస్టాపు దాకా నడిచాం. మా మరిది, పిచ్చుక మొగుడు, లారీ మీద దూరం వెళ్ళాడు, ఇంకా దారిలోనే ఉన్నాడు. బస్సు వచ్చింది. పిచ్చుక ఒక చేత్తో పొట్ట పట్టుకుని, ఎక్కడానికి రెండో చెయ్యి నాకిచ్చింది. ఆ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను.

"పద. చెప్పేద్దాం."

"నిన్ను తిడతారక్కా."

"తిట్టనీ."

మళ్ళీ లోపలికి వెళ్ళి, వరసలో ఉన్న గర్భిణులందరూ వింటుండగానే డాక్టరమ్మకి చెప్పాను. పొడుచుకుంది నా వేలే, రాయమన్నదీ నేనే అని. పిచ్చుక వెనకనుంచి "రాసింది నేనే కదండీ" అంటోంది. నర్సు వెంటనే దాని వేలు పొడిచింది. రెండు వందల అరవై ఎనిమిది. డాక్టరమ్మ ఐదు వారాల పేజీలు ఒక్కొక్కటీ తిప్పుతూ అడ్డంగా గీతలు కొట్టేసింది. తిట్టి ఉంటే బాగుండేది.

అప్పటికప్పుడే చేర్చుకున్నారు. సెలైనుతో పాటు ఇన్సులిన్ ఎక్కిస్తూ, గంటగంటకూ దాని వేళ్ళే పొడిచారు. ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళే వేళకు నూట ముప్పైకి దిగింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే కాబోలు. అయినా పట్టుకున్నాం.

ఆడపిల్ల. ఏడుస్తూనే పుట్టింది. గంట తిరక్కుండానే వణకడం మొదలుపెట్టింది. నర్సు మడమ పొడిచి చూసి, గాజుపెట్టెలున్న గదికి ఎత్తుకెళ్ళింది. పాలు పడతారట, చేతికి సెలైను పెడతారట, రెండు గంటలకోసారి మడమ పొడిచి చూస్తారట.

కుట్లతో పిచ్చుక లేచే స్థితిలో లేదు. "నువ్వెళ్ళక్కా. పొడిచేటప్పుడు పక్కనే ఉండు. ఎంతొచ్చిందో నాకు చెప్పు" అంది.

వెళ్ళాను. నాలుగు కిలోల బిడ్డయినా మడమ నా బొటనవేలి చివరంతే ఉంది. సూది దిగగానే దాని మొహమంతా ఎర్రబడి, ఒక క్షణం ఊపిరి బిగబట్టి, అప్పుడు ఏడ్చింది. నన్ను నేను పొడుచుకున్నన్నాళ్ళూ నాకు నొప్పే తెలియలేదు. ముప్పై ఎనిమిది వచ్చింది. కనీసం నలభై ఐదు దాటాలంది నర్సు.

తిరిగి వస్తూ వరండాలో అనుకున్నాను, యాభై అని చెప్తే ఏం పోయింది, అది కాసేపు నిద్రపోతుంది కదా అని. చూశారా, నా బుద్ధి!

"ఎంత?" అంది పిచ్చుక.

"ముప్పై ఎనిమిది. తక్కువే."

అది కళ్ళు మూసుకుంది. నీళ్ళు పక్కలకు జారి చెవుల్లోకి దిగాయి. తుడవబోతే నా చెయ్యి తోసేసింది. పుట్టి బుద్ధెరిగాక అది నా చెయ్యి తోసెయ్యడం అదే మొదటిసారి.

"మళ్ళీ ఎప్పుడు పొడుస్తారు?"

"ఇంకో రెండు గంటలాగి."

"ముందే వెళ్ళి నిలబడు" అంది, కళ్ళు తెరవకుండానే.