మా అత్తగారు బయోస్‌లోకి వెళ్లిన ఉదయం

పదకొండేళ్లు ఇంట్లో ఉన్నాక మళ్లీ ఉద్యోగం చేయాలనిపించి, అమెరికాలో మేముండే ఆష్‌బర్న్‌లో, మా ఇంటికి దగ్గరి కాలేజీలో కంప్యూటర్ సెక్యూరిటీ కోర్సులో చేరాను. మొదటి ల్యాబ్‌కి వర్చువల్ మెషీన్ కావాలన్నారు. అంటే మన కంప్యూటర్ లోపలే, ఒక కిటికీలో, ఇంకో కంప్యూటర్ నడవాలన్నమాట. శనివారం పొద్దున అన్నీ సిద్ధం చేసుకుని స్టార్ట్ నొక్కాను. వర్చువలైజేషన్ ఆపేసి ఉంది, బయోస్‌లోకి వెళ్లి ఆన్ చేసుకోండి అంటూ ఎర్రక్షరాలు వచ్చాయి.

మా ఆయన డేటా సెంటర్లో పెద్ద ఇంజనీరు. "టూ మినిట్స్ పని, లే," అని నన్ను కుర్చీలోంచి లేపాడు.

బయోస్ అంటే విండోస్ మొదలవకముందు కనిపించే సెట్టింగుల పేజీ. అందులోకి వెళ్లాలంటే కంప్యూటర్ ఆన్ అవుతుండగా సరైన క్షణంలో కీబోర్డ్ మీద ఎఫ్‌టూ మీట నొక్కాలి. ఆయన నొక్కాడు. విండోస్ వచ్చింది. రీస్టార్ట్ చేసి మళ్లీ నొక్కాడు. మళ్లీ విండోసే. ఐదోసారికి చెవులు ఎర్రబడ్డాయి.

"ఆఫీస్‌లో ఇవన్నీ రిమోట్‌గా చేస్తాం. కీబోర్డ్ ముట్టుకునే పనే ఉండదు," అన్నాడు నాకేసి చూడకుండా.

వంటింటి గట్టు దగ్గర చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న మా అత్తగారు ఇదంతా చూస్తున్నారు. ఆరు నెలలు మా దగ్గర ఉందామని వచ్చారు. గుంటూరు వైపు ఒక కోర్టులో టైపిస్టుగా చేసి రిటైరయ్యారు.

"ఒరేయ్, నువ్వు ఒక్కసారి కొట్టి ఊరుకుంటున్నావు. అది గమనించేదాకా కొట్టొద్దూ? జరుగు," అని కొంగుకి చేతులు తుడుచుకుని కూర్చున్నారు. రీస్టార్ట్‌కి స్క్రీన్ నల్లబడిందో లేదో, ఎఫ్‌టూ మీద ఆవిడ వేలు వాన కురిపించింది. బయోస్ తెరుచుకుంది.

మా ఆయన దగ్గాడు.

ఇక అసలు సెట్టింగు వెతకాలి. నా నోట్సులో వీటీ అనే మాటతో ఉంటుందని రాసి ఉంది. ఎంత వెతికినా అది లేదు. అత్తగారు తీర్పు కాపీ సరిచూస్తున్నట్టు ప్రతి లైనూ పైకి చదవడం మొదలుపెట్టారు. "ఎస్‌వీఎం మోడ్. డిజేబుల్డ్," అన్నచోట నేను నోట్సు తిప్పాను. అడుగున చిన్నక్షరాల్లో, కొన్ని చిప్‌లలో దాని పేరు ఎస్‌వీఎం అని ఉంది.

"అదే అత్తయ్యా! ఎనేబుల్ చేయండి."

చేశారు. సేవ్ చేశారు. ముగ్గురం ఊపిరి పీల్చుకునేలోపు నీలం స్క్రీన్ వచ్చి, సెట్టింగులు మారాయి కాబట్టి డిస్కుకి తాళం పడిందని, అది తీయడానికి నలభై ఎనిమిది అంకెల రికవరీ కీ కొట్టమంది.

"అయిపోయింది. ఫొటోలన్నీ పోయాయి," అన్నాను. మా ఆయన ఫోన్‌లో విండోస్ అకౌంట్ తెరిచి, ఎక్కడెక్కడో వెతికి, చివరికి ఆ కీ పట్టుకున్నాడు. ఒక్కో అంకె పలికి, కొట్టారో లేదో అని తల్లివైపు చూస్తున్నాడు.

"ఆగకుండా చదువు నాయనా. జడ్జిగారు కూడా నీకంటే త్వరగా చెప్పేవారు."

కీబోర్డ్ వైపు చూడకుండానే ఆవిడ నలభై ఎనిమిదీ కొట్టేశారు. ఒక్క తప్పు లేదు. విండోస్ తెరుచుకుంది, ఫొటోలు ఎక్కడివక్కడే ఉన్నాయి. స్టార్ట్ నొక్కితే, ఈసారి కిటికీలో రెండో కంప్యూటర్ మెల్లగా మొదలైంది.

విండోస్ లోంచే బయోస్‌కి వెళ్లే దారి ఒకటుందని తర్వాతి క్లాసులో చెప్పారు. అది నేనింట్లో చెప్పలేదు.

ల్యాబ్ అయ్యాక అత్తగారి కోరిక మీద ఆ రెండో కంప్యూటర్లో తెలుగు కీబోర్డ్ పెట్టి, దానికి మెమరీ కొంచెమే ఇచ్చాను కాబట్టి నిదానంగా నడుస్తుందని చెప్పాను. పాత ఆఫీసు స్నేహితురాలికి ఉత్తరం మొదలుపెట్టారు. రెండు వాక్యాలు కొట్టి చేతులు ఒళ్లో పెట్టుకుని స్క్రీన్ వైపు చూస్తూ కూర్చున్నారు. ఆవిడ ఎప్పుడో కొట్టిన అక్షరాలు ఒక్కొక్కటే తీరిగ్గా వస్తున్నాయి.

"అమ్మాయ్," అన్నారు, "దీనికి ఇంకాస్త మెమరీ ఇవ్వకూడదటే?"