ఇష్బెల్ లెక్క

ఇష్బెల్ మెకార్కిండేల్ పెద్దగా చదువుకోలేదు. మా ఊరు ఇన్వర్‌కార్గిల్ చుట్టుపక్కల ఉన్ని కత్తిరించే కొట్టాల్లో ఇరవై ఏళ్లు గొర్రెల్ని లెక్కపెట్టింది, అంతే. అవి మూడేసి చొప్పున గేటు దాటి దూకుతుంటే ఎవరు పలకరించినా తల తిప్పేది కాదు. అలాంటి మనిషిని కార్ల పందెంలో నాతోపాటు చుట్లు లెక్కరాయడానికి పిలిచారని తెలిసి నాకు ఒళ్లు మండింది. నేను బళ్లో లెక్కల మాస్టార్ని మరి.

ఆమె తమ్ముడు లాకీ కూడా ఆ కొట్టాల్లో కత్తెర పట్టినవాడే. ఓ రోజు రెండు వందల గొర్రెలు పూర్తిచేశానని వాడు బీరు సీసా ఎత్తబోతుంటే, నూట తొంభై తొమ్మిదే అంది ఇష్బెల్. వాడు వారం రోజులు అక్కతో మాట్లాడలేదు.

ఆ లాకీయే 1966 ఫిబ్రవరిలో, అంటే మా వైపు ఎండాకాలంలో, కొట్టంలో సొంతంగా కట్టుకున్న ఆకుపచ్చ కారుతో వేసవి ఛాంపియన్‌షిప్ ఆఖరి పందెం దాకా వచ్చాడు. పోటీ సముద్రం దాటొచ్చిన సిడ్నీ వాడితో. వాళ్లకి లారీల నిండా సామాను, వీడికి ఇద్దరు బావమరుదులు, ఒక పానాల పెట్టె. అప్పటిదాకా వచ్చిన పాయింట్ల ప్రకారం, ఈ పందెంలో నాలుగో స్థానం దక్కితే టైటిల్ లాకీది. ఐదైతే సిడ్నీ వాడిది.

పందెం మధ్యలో వాన దంచికొట్టింది. లాకీ దూరపు మలుపులో జారి బురదలో దిగబడి, ఎలాగో బయటపడ్డాడు. చివరికి నాలుగో స్థానం లాకీదేనని మైకులో చెప్పేశారు. జనం వాడి మెడలో దండ కూడా వేసేశారు.

లెక్కల గదిలో ముగ్గురం: నేను, ఇష్బెల్, మాపై అజమాయిషీ చేసే పెద్దాయన. నా కాగితమూ మా పెద్దాయన కాగితమూ నాలుగే అన్నాయి. ఇష్బెల్ మాత్రం లాకీకి ఒక చుట్టు తక్కువైంది, ఐదో స్థానమే అంది. పందెంలో ఇంకో ఆకుపచ్చ కారుందనీ, వానలో దాన్నే మేం లాకీ అనుకున్నామనీ చెప్పి, నా కాగితంలో ఆ చుట్టుకి ఆ రెండో కారు గడి ఖాళీగా ఉండటం వేలుపెట్టి చూపించింది. ఇద్దరి మాట ఒకటే కదా, వదిలెయ్యమన్నాడు పెద్దాయన. సిడ్నీ వాళ్లు కూడా అడగలేదుగా అన్నాను నేను, సిగ్గులేకుండా.

"లాకీనే పిలవండి" అంది ఇష్బెల్.

లాకీ దండతోనే వచ్చాడు. మా కాగితాల వంక చూడనే లేదు.

"అక్కా, నూట తొంభై తొమ్మిదేనా?"

"నూట తొంభై తొమ్మిదేరా."

వాడు దండ తీసి బల్లమీద పెట్టాడు. "సరే, రాసెయ్."

ఆమె వెంటనే ఐదు వేసింది. అంత నిబ్బరం నేనెవరిలోనూ చూడలేదు. నా కాగితంలో నాలుగు కొట్టేసి తలెత్తేసరికి, తమ్ముడి తడి కోటులో మొహం దాచుకుని ఏడుస్తోంది.

"ఊరుకో అక్కా," అన్నాడు లాకీ. "ఈసారి మాట్లాడతాలే."