చెత్తగుట్ట నెత్తిన వేపమొక్క

నా ఉద్యోగాన్ని నా చేతులతో నేనే పాతిపెట్టుకున్న వైనం చెబుతాను, వినండి. ఊరు పేరు మాత్రం అడగొద్దు. జనగామ, మానుకోట, భూపాలపల్లి, ఈ మూడింట్లో ఒకటి. మూడు ఊళ్లవాళ్లూ "మాది కాదు" అని ఒట్టేస్తారు. ఎవరినీ నమ్మకండి.

అప్పుడు నేను మున్సిపాలిటీలో కొత్త ఇంజినీరుని. ప్రొబేషన్, అంటే తుమ్మితే ఊడే కొలువు. నాకు అప్పగించింది డంపింగ్ యార్డు. ఊరి చెత్తంతా ట్రాక్టర్లలో వచ్చి అక్కడ గుట్టగా పేరుకుంది. దాన్ని తవ్వి, జల్లెడ పట్టి, మట్టి వేరు, ప్లాస్టిక్ వేరు చేయాలి. దీన్ని బయోమైనింగ్ అంటారు. నేను పేరు నేర్చుకున్నాను, పని మొదలుపెట్టలేదు.

ఇంతలో మా శాఖ పెద్ద మేడం తనిఖీకి వస్తున్నారని కబురు. నా ఉద్యోగం పర్మనెంటు కావాలంటే సంతకం పెట్టాల్సింది ఆవిడే.

సఫాయి పనివాళ్ల మీద మేస్త్రీలాంటి జవాను మా యాకయ్య. అతను తల గోక్కున్నాడు.

"గింత గుట్టను యాడ దాస్తం సార్?"

"దాసుడెందుకన్నా? పైన మొరం కప్పుదాం, గడ్డి పరుద్దాం. పార్కయితది."

"మరి కింద చెత్త?"

"కింద ఎవలు చూస్తరన్నా?"

నా తెలివికి నేనే మురిసిపోయాను. తను చేసినదాని మీద మట్టి కప్పడం పిల్లికి కూడా తెలుసు. కాకపోతే పాపం, పిల్లికి డిగ్రీ లేదు.

టిప్పర్లతో మొరం పోయించాను. అంచులకు బ్లీచింగ్ పౌడర్‌తో ముగ్గు గీయించాను. మన దగ్గర పెద్దవాళ్లు ఎక్కడికొచ్చినా మొక్క నాటాల్సిందే కదా! గుట్ట నెత్తిన ఒక గుంత ముందే తవ్వించి, మంచి మట్టి నింపి, పక్కన వేపమొక్కను పెట్టించాను.

మేడం వచ్చారు. చూసి ఆశ్చర్యపోయారు.

"ఇక్కడి చెత్తంతా ఏదయ్యా?"

"బయోమైనింగ్ చేసినం మేడం. జల్లెడ పట్టిన మట్టే ఈ దిబ్బ."

"మొత్తమా?"

"మొత్తం మేడం."

యాకయ్య దగ్గాడు.

"శభాష్! నీ ఫైలు ఈరోజే పంపు, సంతకం పెడతా."

గాల్లో తేలుతూ మొక్క అందించాను. ఆవిడ గుంతను చూసి మొహం చిట్లించారు.

"రెడీమేడ్ గుంతలో మొక్క పెట్టి ఫొటోలు దిగడానికి రాలేదు నేను. గడ్డపార ఇటివ్వు."

"మేడం, ఎండ గొడ్తున్నది..."

"నువ్వు జర పక్కకు జరుగు."

కొంచెం అవతలికెళ్లి ఒక్క పోటు పొడిచారు. బుస్సుమని పొగ, వెనకాలే కంపు. ఫొటోగ్రాఫరు కెమెరా వదిలేసి ముక్కు పట్టుకున్నాడు. మేడం మొండి మనిషి, ఆగలేదు. గడ్డపారకు ఏదో చిక్కింది. లాగారు. ఫ్లెక్సీ! ఇంకా లాగారు. 'సుస్వాగతం' అన్న అక్షరాలు వచ్చాయి. ఆ తర్వాత సాంబారు పూసుకుని, వంకాయ తొడిమను బొట్టుగా పెట్టుకుని చిరునవ్వు నవ్వుతున్న మేడం మొహం వచ్చింది. కిందటిసారి ఆవిడ వచ్చినప్పుడు మేమే కట్టి, ఆవిడ కారు మలుపు తిరగకముందే పీకి ట్రాక్టర్లో పడేసిన బ్యానర్ అది.

ఇద్దరు మేడంలూ నన్నే చూస్తున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. యాకయ్య నన్ను కాపాడబోయాడు.

"గుర్తుగా దాచిపెట్టినం మేడం!"

సంతకం సంగతి అంతటితో సరి. గుట్టంతా నిజంగా తవ్వి జల్లెడ పట్టేదాకా ప్రొబేషన్ పొడిగించారు. దగ్గరుండి తవ్వించాను. తవ్వినకొద్దీ పాత అధికారులు, నాయకులు ఒక్కొక్కరే చేతులు జోడించి నవ్వుతూ బయటికొచ్చారు.

అందుకే ఇప్పటికీ నా ముక్కును వదలని ఆ కంపు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఇంకెప్పుడూ పెద్దవాళ్ల మొహాలను తడిచెత్తలో కలపను. పొడిచెత్త డబ్బాలోనే వేస్తాను.