మావ చూపించని మూడు ముక్కలు

మా మావ పోయాడని అత్త ఫోన్ చేసినప్పుడు నేను శ్రీకాకుళంలో బైకుకు పంక్చరు వేయించుకుంటున్నాను. ముందు నమ్మలేదు. ఆట మధ్యలో లేచి వెళ్లిపోయే మనిషి కాడాయన.

అమ్మకు తమ్ముడు. సముద్రం మీద వేటే బతుకు. వేసవిలో వేట నిషేధం పెట్టిన రోజుల్లో మాత్రం ఆయన విశ్వవిద్యాలయం తెరిచేవాడు. ఒడ్డుకు లాగిన పడవ నీడే తరగతి గది, మూడు ముక్కలాటే పాఠం, చింతపిక్కలే పందెం. డిగ్రీ కాలేజీలో కంటే అక్కడే నా హాజరు ఎక్కువ.

ఆయన పద్ధతి విడ్డూరం. మంచి ముక్కలు పడితేనే పందెం పెంచేవాడు. గెలిచాక, ఎవరూ అడక్కపోయినా, వాటిని తిరగేసి ఇసుక మీద పరిచేవాడు. ఏళ్ల తరబడి అంతే. మావ పెంచాడంటే మేమంతా భక్తితో ముక్కలు పడేసేవాళ్లం. ఇలా చూపించుకుంటూ పోతే నీకేం లాభమని ఒకసారి అడిగాను.

"ఎవుడూ ముక్కలు సూసి ఆడడురా అల్లుడూ, ఎదుటోడి పేరు సూసి ఆడతాడు. అబద్ధం ఆడడని పేరు సంపాదించు. దాన్ని ఒక్కపాలే కర్సెట్టాల."

నువ్వెప్పుడు ఖర్చు పెడతావంటే, బీడీ వెలిగించుకుని సముద్రం వైపు చూశాడు.

కొన్నేళ్లకు కిడ్నీలు పాడయ్యాయి. మా తీరంలో అదేం వింత జబ్బు కాదు, వీధికొకరున్నారు. వారానికి రెండుసార్లు బస్సెక్కి ఆసుపత్రికి డయాలసిస్‌కు వెళ్లివచ్చేవాడు. ముఖం ఉబ్బింది. చేతి మీద సూది గుర్తులు గట్టిపడ్డాయి. పడవ ఎక్కడం మానేశాడు. తోడు వస్తానని అత్త అంటే, నాకు దారి తెలీదేటి, నువ్వు చేపల బుట్ట చూసుకో అనేవాడు. సాయంత్రం ఎలా ఉందని అడిగితే బాగుందనేవాడు. మావ అబద్ధం ఆడడు కదా.

ఈ వేసవిలో చివరిసారి కూర్చున్నాం. ఆయన ముందు గుప్పెడు పిక్కలు, నా ముందు కుప్ప. పెద్దమనిషి తరహాలో సలహా ఇచ్చాను: ఒక్కొక్కటే వేసుకుంటూ కాసేపు నిలబడు మావా అని.

"తక్కువున్నోడు ఒక్కోటీ ఏసుకుంటూ కూకుంటే అది ఆట కాదురా, అరిగిపోవడం. ఉన్నదంతా ఒకపాలే తోసీయాల."

తోసేశాడు. నా చేతిలో జత రాణులున్నాయి. ఆయన పేరు చూసి పడేశాను. మావ మొట్టమొదటిసారి ముక్కలు చూపించకుండా పేకలో కలిపేశాడు.

"ఏటి మావా, సూపించవా?"

"సూడ్డానికి నువ్వు పందెం కట్టినావేటి?" అని నవ్వాడు.

వారం తిరక్కుండానే పోయాడు.

పెద్దకర్మ భోజనాలకు టెక్కలి నుంచి ఒక ముసలాయన వచ్చాడు. ఆసుపత్రిలో మావ పక్క మంచం ఆయనది. చివర్లో మావ రావడం మానేస్తే, వేరే ఆసుపత్రికి మారాడనుకున్నాడట. మేం ముఖాలు చూసుకున్నాం. ఆ రోజుల్లో కూడా మావ తువ్వాలు భుజాన వేసుకుని పొద్దున్నే బస్సెక్కాడు. సాయంత్రం దిగి, బాగుందన్నాడు. ఆ పగళ్లన్నీ ఎక్కడ కూర్చున్నాడో ఇప్పటికీ తెలియదు.

అత్త చేతిలో పప్పు గరిటె అలాగే ఉండిపోయింది.

"నాతో కూడా ఆడేసినాడురా," అంది.

మర్నాడు పడవ నీడలో కూర్చున్నాం. పంచేవాడు అలవాటు కొద్దీ మావ చోటులోనూ మూడు ముక్కలు వేశాడు. సముద్రపు గాలికి అవి కదులుతుంటే, నా కుప్పలోంచి గుప్పెడు చింతపిక్కలు తీసి వాటి మీద పెట్టాను. ఆట ముగిసేదాకా ఆ ముక్కలు బోర్లానే ఉన్నాయి. ఎవరూ తిరగేయలేదు.